నాస్కల్ మట్టిలో పాము పూస

మా గంభీరావుపేట మండలంలో ఎంత లోతు తవ్వినా పాము శిలాజం దొరకదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఏళ్లతరబడి జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ఈ మాట చెప్పినప్పుడల్లా తరగతిలో పిల్లల ముఖాలు చిన్నబోయేవి. "సార్, మన బాయిలల్ల గూడ దొర్కదా?" అని అడిగేవాళ్లు. మా నాయిన బావులు తవ్విన మనిషి. అందుకే ఆ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకం కన్నా ముందు ఆయన చేతుల దగ్గరే దొరికింది.

మా దగ్గర బావి తవ్వితే పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గునపానికి ఊడివచ్చే మెత్తబండ వస్తాయి. అదీ దాటితే తూటా పెట్టి పేలిస్తే తప్ప కదలని గట్టిబండ. ఈ మొరం వేరే రాయి కాదు. కింది బండే వానకు, ఎండకు చివికి మొరమైంది. కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల చుట్టూ కనిపించే గుట్టలు చాలావరకు ఆ బండవే, అంటే గ్రానైటువే. భూగర్భంలో కరిగి ఉన్న రాయి చల్లబడి గట్టిపడితే గ్రానైటు అవుతుంది. అలా పుట్టిన రాతిలో ఎముక మిగలదు. పైగా ఈ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అప్పటికి భూమ్మీద పాము సంగతి అటుంచి వెన్నెముక ఉన్న ప్రాణే లేదు. మా ఊరి సీతారామస్వామి గుడిలో నందాదీపం 700 ఏళ్లుగా ఆరకుండా వెలుగుతోందని మేమంతా గొప్పగా చెప్పుకుంటాం. అంత కాలాన్ని పది లక్షల సార్లు పేర్చినా మా బండ వయసులో మూడో వంతు కూడా నిండదు. ఈ లెక్క బోర్డు మీద వేయించి, పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తుంటే అసలు పాఠం మొదలుపెట్టేవాణ్ని. మన బండలో లేని చరిత్ర మనకు అటూ ఇటూ ఉంది, తెలంగాణ పటం తీయండి అనేవాణ్ని.

పటంలో ముందు మానేరు వెంట తూర్పుకు పోవాలి. నర్మాల దగ్గర ఎగువ మానేరు ఆనకట్ట దాటి సిరిసిల్ల, కరీంనగర్ మీదుగా మంథని వైపు వెళ్లి ఈ నది గోదావరిలో కలుస్తుంది. మా దగ్గర బండల మీద పారే మానేరు చివరికి చేరేది ఇసుకరాతి నేలకు. రామగుండం బొగ్గు గనులున్నదీ ఆ నేలలోనే. వాగులు తెచ్చిన ఒండ్రు చెరువుల్లో, అడవుల్లో కోట్ల ఏళ్లపాటు పేరుకుని రాయైన చోటది. ఇంగ్లీషువాళ్ల కాలంలో నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే మతబోధకుడు ఈ ప్రాణహిత, గోదావరి నేలల శిలాజాల మీద శ్రద్ధపెట్టినవాళ్లలో ముఖ్యుడు. 1863లో ఒక వాగు వరదలో కొట్టుకుపోయి ఆయన చనిపోయాడు. 1881లో విలియం కింగ్ ప్రాణహిత–గోదావరి లోయ మీద పెద్ద నివేదిక రాశాడు. ఆసిఫాబాద్ వైపు మలేరి దగ్గర దొరికిన పురాతన సరీసృపాల్లో ఒకదానికి హిస్లాప్ పేరే పెట్టారు. ఆ తర్వాత యామన్‌పల్లి దగ్గర భారత భూగర్భ సర్వేకు చెందిన పి. యాదగిరి తవ్వితీసిన పెద్ద డైనోసార్‌కు 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు వచ్చింది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన ఆ అస్థిపంజరాన్ని చాలామంది చూసే ఉంటారు.

తూర్పున ఇంత సంపద ఉన్నా పాము లేదు. మలేరి పొరలు 20 కోట్ల ఏళ్లకు పైబడ్డవి, కోట పొరలు దాదాపు 18 కోట్ల ఏళ్లవి. ఇది పాము అని అందరూ ఒప్పుకునే శిలాజాలు సుమారు 10 కోట్ల ఏళ్ల నుంచే కనిపిస్తాయి. అంటే మా బండలాగే తూర్పు రాళ్లు కూడా పాముకన్నా పెద్దవి. పాము కావాలంటే పడమరకు తిరగాలి.

పడమర తెలంగాణలో నేల రంగే వేరు. మద్నూర్, జుక్కల్ నుంచి జహీరాబాద్, వికారాబాద్ దాకా నల్లరేగడి. దాని కింద ఉన్నది దక్కన్ లావా. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు అంతరించిన కాలానికి అటూ ఇటూగా, మహారాష్ట్ర నేల చీలి పొంగిన లావా పొర మీద పొరగా పరుచుకుంది. ఆ పొంగు ఏకధాటిగా సాగలేదు. ఒక పొర చల్లారాక చాలాకాలం నేల ప్రశాంతంగా ఉండేది. పల్లంలో నీళ్లు నిలిచి మడుగయ్యేది, చెట్లు మొలిచేవి, కప్పలు, చేపలు, నత్తలు చేరేవి. మళ్లీ లావా వచ్చి ఆ మడుగును పైనుంచి మూసేసేది. 1830లలో మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు నిర్మల్ ప్రాంతపు గుట్టల్లో ఇలా లావా నడుమ చిక్కిన మంచినీటి గవ్వలను చూసి రాసిపెట్టాడు. రెండు లావా పొరల మధ్య దాగిన ఆ పలచటి మట్టి పొరే మన పాము ఇల్లు.

వికారాబాద్ వైపు నాస్కల్ అనే ఊరు ఉంది. అక్కడ అలాంటి మట్టి పొర ఒకటి బయటపడింది. పంజాబ్ విశ్వవిద్యాలయంలో అశోక్ సాహ్ని అనే శిలాజ శాస్త్రవేత్త ఉండేవారు. ఆయనతో కలిసి పనిచేసిన జి.వి.ఆర్. ప్రసాద్ నాస్కల్ పొరలోనూ, ఆసిఫాబాద్ దగ్గరి ఇలాంటి మట్టి పొరల్లోనూ ఉన్న చిన్న చిన్న ఎముకల వెంటపడ్డారు. ఆ తర్వాత ప్రసాద్ జమ్మూలో, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆ రోజుల్లో శిలాజమంటే డైనోసార్ తొడ ఎముకే అన్న ఆలోచన మన దేశంలో బలంగా ఉండేది. వీళ్లు దానికి ఎదురు నడిచారు. ఇలాంటి పొరల్లో పని సుత్తితో ముగిసేది కాదు. మట్టిని బస్తాలకెత్తి తేవాలి, ఆరబెట్టాలి, నీళ్లలో నానబెట్టాలి, సన్న జల్లెడలో కడగాలి. జల్లెడలో మిగిలినదాన్ని మళ్లీ ఎండబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కో రేణువునూ తిప్పి చూడాలి. బస్తా మట్టికి ఒక పన్ను దొరికినా అదృష్టమే.

ఆ అదృష్టం నాస్కల్‌లో దక్కింది. 1988లో ప్రసాద్, సాహ్ని ప్రపంచ ప్రసిద్ధమైన నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. డైనోసార్ల చివరి కాలపు క్షీరదం భారతదేశంలో మొదటిసారి దొరికిందని అందులో ప్రకటించారు. డెక్కనోలెస్టెస్ హిస్లాపి అనే ఆ చిన్న జీవిని పళ్లను బట్టి గుర్తించారు. నాగపూర్ హిస్లాప్ పేరు ఇక్కడా వచ్చింది చూడండి. అక్కడితో జల్లెడ ఆగలేదు. అదే నాస్కల్ మట్టిలో కొన్ని మిల్లీమీటర్ల వెన్నుపూసలు బయటపడ్డాయి. 1992లో ప్రసాద్, ఫ్రాన్స్‌కు చెందిన జాఁ క్లోద్ రాజ్ కలిసి వాటిని కొత్త పాముగా గుర్తించి ఇండోఫిస్ సాహ్నియై అని పేరుపెట్టారు. ప్రపంచంలోని పాముల చరిత్రలో మా తెలంగాణ పల్లె పేరు చేరింది అప్పుడే.

ఒక్క పూసతో పామని ఎలా చెప్తారు అని అడగని తరగతి నాకు తగల్లేదు. చెరువుకట్ట కింద చచ్చి ఎండిన నీరుకట్టె వెన్నెముక కనిపిస్తే పిల్లలను తీసుకెళ్లి దాన్నే చూపించేవాణ్ని. పాముకు కాళ్లు లేవు, భుజం లేదు, కాబట్టి పనంతా వెన్నుపూసలే చేయాలి. ఒక పాములో అవి వందల్లో ఉంటాయి. ప్రతి పూసకు ముందువైపు గుంట, వెనకవైపు గుండు ఉంటాయి. ముందున్న పూస గుండు వెనక పూస గుంటలో తిరుగుతుంది. ఆ కీలు ఒక్కటే అయితే నడుము మెలిపడి విరిగిపోతుంది. అందుకే పైభాగంలో అదనంగా ఒక అతుకు ఉంటుంది. పూస ముందువైపున ముందుకు పొడుచుకొచ్చిన ముక్క ఉంటుంది, దాని ముందున్న పూస వెనక భాగంలో అది దిగే గాడి ఉంటుంది. మంచం కోడులో పట్టె దిగి బిగిసినట్టు అది దిగి కూర్చుంటుంది. పక్కలకు ఎంత వంగినా వెన్ను మెలితిరగకుండా కాసేది ఆ అతుకే. పాము పుర్రె ఎముకలు పలచనివి, విడివిడిగా ఉంటాయి, చచ్చాక చెదిరిపోతాయి. పూసలు గట్టివి, వందల్లో ఉండేవి. అందుకే పాముల ప్రాచీన చరిత్ర దాదాపు అంతా పూసలతోనే రాసినది.

నీళ్లలో ఈదే పాముకూ నేల మీద పాకే పాముకూ పూసలోనే తేడా తెలుస్తుంది. నేల పాము పూస వెడల్పుగా, అడుగున చదునుగా ఉంటుంది. నీటిలో ఈదే పాము ఒళ్లు పక్కల నుంచి నొక్కినట్టు ఉంటుంది కాబట్టి పూస కూడా ఇరుకుగా, నిలువుగా మారుతుంది. పక్కటెముకలు అతుక్కునే చోటు కిందికి జారుతుంది. ఇండోఫిస్‌ను చేర్చిన కుటుంబం పేరు నైజరోఫియిడే. నీటికి అలవాటుపడిన పాముల కుటుంబమది. దానికి ఆ పేరు తెచ్చిన నైజరోఫిస్ మీరస్ అనే పామును రాజ్ 1975లో వర్ణించారు. అది ఆఫ్రికాలోని నైజర్ దేశంలో, ఇప్పుడు సహారా ఎడారి ఉన్నచోట, ఒకనాటి సముద్రపు పొరల్లో దొరికింది. ఆ సముద్రపు పాము బతికింది డైనోసార్లు పోయిన తర్వాతి కాలంలో. మన నాస్కల్ పాము దానికన్నా పాతది.

నాస్కల్ పొర మంచినీటి మడుగుది. కాబట్టి ఇండోఫిస్ నడిసముద్రంలో తిరిగిందని చెప్పే హక్కు మనకు లేదు. కాని సముద్రం ఎంతో దూరంలో లేదనడానికి ఆధారాలున్నాయి. ఆసిఫాబాద్ దగ్గర ప్రసాద్, సాహ్ని తీసిన చిన్న శిలాజాలు తీరమైదానపు జీవులవని 1987లోనే రాశారు. అక్కడ దొరికిన టేకుచేప జాతి పళ్లకు 1993లో ప్రసాద్, కపెటా అనే మరో శాస్త్రవేత్త కలిసి ఇగ్డబాటిస్ ఇండికస్ అని పేరుపెట్టారు. ఇగ్డబాటిస్ మొదట తెలిసింది ఎక్కడో కాదు, అదే నైజర్ దేశంలో. అటు రాజమండ్రి దగ్గర దూదుకూరులో లావా కింద, కాతేరులో లావా పొరల నడుమ సముద్రపు గవ్వలు నూటయాభై ఏళ్లకు పైగా తెలిసినవే. ఇప్పుడు సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన తెలంగాణ ఒకనాడు ఉప్పునీటి గాలి తగిలిన నేల.

ఈ కథలో జాఁ క్లోద్ రాజ్ చేతులు నాకు ఎంతో ముఖ్యమైనవిగా తోస్తాయి. సముద్రపు పాముల శిలాజాల చరిత్ర 1841లో ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్‌తో మొదలవుతుంది. థేమ్స్ నది సముద్రంలో కలిసే షెప్పీ దీవి బంకమట్టిలో దొరికిన పూసలకు ఆయన పేలియోఫిస్ అని పేరుపెట్టారు. ఆ శతాబ్దం చివర, 1898లో, అమెరికాలోని అలబామా నుంచి టెరోస్ఫీనస్ అనే మరో సముద్రపు పాము తెలిసింది. ఆ దారిలో రాజ్ నడిచారు. 1983లో మాలీ దేశం నుంచి పేలియోఫిస్ కొలోసియస్‌ను వర్ణించారు. పూసల కొలతను బట్టి అది 8 మీటర్లకు పైనే ఉండి ఉంటుందని అంచనా. నైజర్, మాలీ తర్వాత ఆయన బల్లపైకి మన నాస్కల్ పూసలు వచ్చాయి. 2000లో లెబనాన్ సముద్రపు రాతిలో దొరికిన, చిన్న వెనక కాళ్లున్న యూపోడోఫిస్‌ను వర్ణించినవారిలో ఆయన ఒకరు. 2003లో కచ్ నుంచి వచ్చిన టెరోస్ఫీనస్ పాముల మీద మన శాస్త్రవేత్తలతో కలిసి రాశారు. సహారా ఎడారినీ, వికారాబాద్ రేగడినీ, కచ్ తీరాన్నీ ఒకే జాబితాలో చదివిన మనిషి ఆయన. 2018లో కన్నుమూశారు. మన ఊరి మట్టికి అంత విలువ ఇచ్చిన పరాయి దేశపు పండితుణ్ని మనం తలుచుకోవాలి.

కాళ్లున్న సముద్రపు పాములు పెద్ద వాదానికి దారితీశాయి. జెరూసలేంకు ఉత్తరాన ఐన్ యబ్రూద్ దగ్గర రాళ్లు తీసే చోట దొరికిన పాకిరాకిస్ అనే ప్రాణిని 1979లో గెయోర్గ్ హాస్ మొదట వర్ణించారు. 1997లో కాల్డ్‌వెల్, లీ అనే ఇద్దరు దాన్ని మళ్లీ పరిశీలించి, అది వెనక కాళ్లున్న సముద్రపు పాము అన్నారు. అలా అయితే పాములు సముద్రంలోనే పుట్టి ఉండవచ్చు కదా అన్న ఆలోచన బలపడింది. దానికి మూలం ఇంకా పాతది. 1869లోనే అమెరికాలో ఎడ్వర్డ్ కోప్, మోససార్ అనే పెద్ద సముద్ర సరీసృపాలకూ పాములకూ చుట్టరికం కలిపాడు. ఇంకో పక్షంవాళ్లు పాము నేలలో బొరియలు చేసుకుని బతికిన బల్లి నుంచి వచ్చిందన్నారు. 2006లో అర్జెంటీనా నుంచి నజాష్ అనే పాము వచ్చింది. దానికి నడుము ఎముకా వెనక కాళ్లూ ఉన్నాయి, దొరికింది నేలమీది పొరల్లో. దాంతో తూకం నేల వైపు వంగింది. ఇప్పుడు చాలామంది ఒప్పుకునేది ఇది: పాము నేల మీదే పుట్టింది, సముద్రంలోకి మాత్రం ఒకసారి కాదు, వేర్వేరు కుటుంబాలుగా ఎన్నోసార్లు దిగింది. పేలియోఫిస్, నైజరోఫిస్ వంటివి దిగి అంతరించాయి. ఇప్పుడు బంగాళాఖాతంలో కనిపించే, తెడ్డు తోక ఉన్న విషపు పాములు వాటి పిల్లలు కావు. నాగుపాము బంధువర్గం నుంచి ఎంతో ఆలస్యంగా నీళ్లలోకి వెళ్లినవి.

ఆ తీరపు పాముల సంగతి మన తెలుగు జాలర్లు ఎప్పటినుంచో ఎరుగుదురు. విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను అందులో రాసుకున్నాడు. రక్తపింజరికి తీరంలో వాడే కాటుకరేకుల పొడ అన్న పేరు అలా ప్రపంచానికెక్కింది. సముద్రపు పాములూ ఆ పుస్తకంలో ఉన్నాయి. బతికున్న పాముకు పేరు పెట్టడంలో మనవాళ్ల మాట లెక్కలోకి వచ్చింది, రాయైన పాముకు పేరు పెట్టడంలో మన మట్టి లెక్కలోకి వచ్చింది. రెండింటినీ కలిపి చెప్తేనే పిల్లలకు ఈ శాస్త్రం పరాయిది కాదని తెలుస్తుంది.

నాస్కల్ పాముకు తోబుట్టువు కూడా దొరికింది. 2014లో మడగాస్కర్ దీవి నుంచి ఇండోఫిస్ ఫనంబినానా అనే పామును వర్ణించారు. అది కూడా డైనోసార్ల చివరి కాలానిదే. మడగాస్కర్, భారతదేశం ఒకప్పుడు అతుక్కుని ఉన్న నేలలు. సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. విడిపోయిన రెండు కోట్ల ఏళ్లకు కూడా రెండు చోట్లా ఇండోఫిస్ ఉంది. కలిసి ఉన్న రోజుల నుంచి మిగిలిన వారసత్వమా, మధ్యనున్న నీటిని దాటిన ప్రయాణమా అన్నది శాస్త్రం ముందున్న మంచి ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి వీలు కల్పించింది వికారాబాద్ పక్కన జల్లెడ పట్టిన మట్టి.

ఈ మధ్య పాముల శిలాజాలంటే జనానికి గుర్తొచ్చేది వాసుకి ఇండికస్. కచ్‌లోని పానంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన 27 పూసలను బట్టి ఐఐటీ రూర్కీకి చెందిన దేబజిత్ దత్తా, సునీల్ బాజ్‌పాయ్ 2024లో దాన్ని ప్రకటించారు. సుమారు 4.7 కోట్ల ఏళ్ల కిందటిది, పొడవు 11 నుంచి 15 మీటర్లు ఉండవచ్చని అంచనా. టీవీలన్నీ చూపించాయి. అది సముద్రపు పాము కాదు, చిత్తడి నేలల్లో మెల్లగా తిరిగే పాము అని వాళ్లే చెప్పారు. దాని ఎముకలు గని నుంచి తీసింది 2005లో. గుజరాత్‌లోనే ధోలీ డుంగ్రీ దగ్గర ధనంజయ్ మొహబే 1980లలో తీసిన ఒక రాయి సంగతి కూడా అంతే. డైనోసార్ గుడ్ల పక్కనున్న ఎముకలు డైనోసార్ పిల్లవే అనుకున్నారు. 2001లో జెఫ్రీ విల్సన్ ఆ పూసల్లో పాము అతుకును గుర్తించారు. 2010లో అది సనజె ఇండికస్ అనే పాముగా లోకానికి తెలిసింది. ఎముక దొరకడం వేరు, చదవడం వేరు. మధ్యలో ఇరవై ఏళ్లు పట్టినా దాచిపెట్టినవాళ్లుంటేనే చదివేవాళ్లు వస్తారు.

నా బాధంతా దాచిపెట్టడం గురించే. మనం నాగుల పంచమికి పుట్టలో పాలు పోస్తాం, వేములవాడ రాజన్న గుడికి పోయి నాగప్రతిమకు మొక్కుతాం. కాని నాస్కల్ పేరు విన్నవాళ్లు మా జిల్లాలో ఎంతమంది? రాజన్న సిరిసిల్ల జిల్లా పిల్లవాడికి టైటనోబోవా అనే కొలంబియా పాము పొడవు తెలుసు, ఇండోఫిస్ పేరు తెలియదు. డైనోసార్ బొమ్మకున్న విలువ మిల్లీమీటర్ల పూసకు ఇవ్వడం మనం నేర్చుకోలేదు. చిన్నదాన్ని గౌరవించకపోతే పడమటి మండలాల్లో రోడ్డు కోతల్లో, బావుల్లో, చెరువు పూడికల్లో లావా నడుమ బయటపడే తెల్లటి, పచ్చటి మట్టి పొరలు లారీలకెక్కి గుంతల్లో పడిపోతాయి. వాటిలో ఏముందో ఎవరికీ తెలియదు.

అందుకే నేను కోరేవి మూడు. నాస్కల్, ఆసిఫాబాద్, మలేరి, యామన్‌పల్లి పేర్లు మన రాష్ట్ర జీవశాస్త్ర, సాంఘిక శాస్త్ర పాఠాల్లో ఉండాలి. ఎక్కడ ఏ శిలాజం దొరికిందో అక్కడ తెలుగులో ఒక బోర్డు పెట్టాలి, ఆ ఊరి బడి పిల్లలకే దాని కాపలా అప్పగించాలి. రేగడి నేలల్లో తవ్వే కూలీలకూ, జేసీబీ నడిపేవాళ్లకూ రెండు బండల మధ్య గవ్వలున్న మట్టి కనిపిస్తే భూగర్భ సర్వే వాళ్లకు ఒక మాట చెప్పాలన్న సంగతి తెలియాలి. మా నాయినలాంటి వాళ్లకు రాయి చదవడం పుస్తకం లేకుండానే వచ్చు. ఏ బండ ఎంత లోతులో మారుతుందో వాళ్లు గునపం మోతను బట్టి చెప్పగలరు. ఆ చూపుకు ఒక చిన్న కారణం జోడిస్తే చాలు.

మా గ్రానైటు ఊరి పిల్లలకు కూడా ఇందులో వాటా ఉంది. గంభీరావుపేటలో ఇప్పుడు కేజీ నుంచి పీజీ దాకా ఒకే ప్రాంగణంలో చదువుకునే అవకాశం వచ్చింది. అక్కడి ప్రయోగశాలకు ఒక సన్న జల్లెడ, ఒక మంచి సూక్ష్మదర్శిని, రేగడి నేల నుంచి తెచ్చిన ఒక బస్తా మట్టి చాలు. నీళ్లలో కడిగి, ఎండబెట్టి, ఒక్కో రేణువును తిప్పి చూసే ఓపిక అలవడితే ఇండోఫిస్ తర్వాతి పామును గుర్తుపట్టేది ఇక్కడి పిల్లే కావచ్చు. మా బండలో పాము లేకపోవడం ఆ పిల్లకు అడ్డు కాదు.